కాలమెఱిగిన కవాటములు

పెనుకొండ దుర్గము నెక్కి క్రిందికి చూచినవారికి పూర్వము చెఱువులును, వేరుశనగ చేలును, రాతి గుట్టలును మాత్రమే కనబడెడివి. నేడు ఆ ప్రాంతముననే, 44వ జాతీయ రహదారి ప్రక్కన, ఎర్రమంచి గ్రామమునొద్ద, కొరియా దేశపు కియా సంస్థవారి మోటారు కార్ల కర్మాగారము వెలసియున్నది. 2017వ సంవత్సరము ఏప్రిలు మాసమున ఆ సంస్థకును ఆంధ్రప్రదేశ ప్రభుత్వమునకును ఒడంబడిక జరిగెను. సుమారు 536 ఎకరముల నేలలో, 110 కోట్ల డాలరుల పెట్టుబడితో కట్టబడిన యా శాలనుండి 2019 ఆగస్టు మాసమున సెల్టోస్ అను పేరుగల కారు వెలువడెను. సంవత్సరమునకు 3 లక్షల కార్లను తయారుచేయుటకు తగినట్లుగా ఆ శాలను నిర్మించిరి.

మన విద్యార్థులలో ఆ కార్ల పేర్లను, రంగులను, వెలలను తడుముకొనక చెప్పగలవారు పెక్కుమంది గలరు. మన యూళ్లనుండి చదువు ముగించి అచ్చట పని కోరి పోవువారును గలరు. అట్లు పోదలచిన యొక విద్యార్థిని ఒకనాడు మేము, "కార్ల విషయమున సి.వి.వి.టి. అని చెప్పుకొందురే, ఆ అక్షరముల కర్థమేమి?" అని యడుగగా, అతడు కొంతసేపాలోచించి, "ఏదో ఇంజను పేరు సార్" అని యూరకుండెను. ఇంటి ముందర వెలసిన విద్యను గడప వెలుపలనుండియే చూచి తృప్తిపడుట మనకు తగదు. కావున ఆ అక్షరముల వెనుకనున్న సంగతిని ఈ వ్యాసమున వివరింప బూనితిమి.

కవాటముల పని

మోటారు కారు ఇంజనులో సిలిండరనబడు గుండ్రని గొట్టమును, అందు పైకిని క్రిందికిని ఆడు పిస్టనును ముఖ్యములు. పిస్టను నాలుగు నడకలలో ఒక ఆవృత్తిని ముగించును. మొదటి నడకలో క్రిందికి దిగుచు గాలిని పెట్రోలుతోకూడ లోనికి పీల్చును. రెండవ నడకలో పైకి వచ్చి దానిని అదుమును. మూడవ నడకలో ఆ మిశ్రమము నిప్పురవ్వచే మండి పిస్టనును బలముగా క్రిందికి త్రోయును. నాలుగవ నడకలో పిస్టను మరల పైకి వచ్చి కాలిన వాయువును వెలికి నెట్టును. లోనికి వచ్చు త్రోవకును, వెలికి పోవు త్రోవకును వేఱువేఱు తలుపులు గలవు. అవియే కవాటములు, మన మెకానిక్కులు వీనిని వాల్వులందురు.

ఈ తలుపులను తెఱచునది క్యాము ఇరుసు. దానిమీద గ్రుడ్డు ఆకారము గల ఉబ్బులుండును. ఇరుసు తిరుగునపుడు ఉబ్బు వచ్చి కవాటమును అదిమి తెఱచును. ఉబ్బు దాటిపోగానే స్ప్రింగు దానిని మూయును. పిస్టనులు త్రిప్పునట్టి క్రాంకు ఇరుసు రెండు చుట్లు తిరుగునప్పటికి క్యాము ఇరుసు సరిగా ఒక చుట్టు తిరుగునట్లు గొలుసుతోనో పట్టీతోనో రెంటిని ముడివైచియుందురు.

ధర్మవరపు పట్టుమగ్గమును చూచినవారికి ఈ యేర్పాటు క్రొత్తగా తోపదు. నేతగాడు కాలితో చెక్కను త్రొక్కగా పడుగు పోగులు రెండు వరుసలుగా విడిపోయి నోరు తెఱచును. ఆ నోటిగుండ నాడె ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు పరుగెత్తును. నోరు ఆలస్యముగా తెఱచుకొన్నను, నాడె దాటకముందే మూసికొన్నను, నాడె పోగులను తాకి పట్టుదారము తెగును. కావుననే నేతగాని చేతికిని కాలికిని పొత్తు కుదరవలెను. అంతేకాదు, మెల్లగా నేయునపుడు కుదిరిన పొత్తు వడిగా నేయునపుడు కుదరదు. వేగము మాఱినకొలది కాలు కదలవలసిన వేళయు మాఱును. మంచి నేతగాడు ఈ మార్పును తానెఱుగకయే చేసికొనును. ఇంజను కవాటములకు అట్టి తెలివి కల్పించు ప్రయత్నమే మన వ్యాసవిషయము.

ఒక్క వేళ ఏల చాలదు?

పిస్టను దిగ నారంభించినపుడు తలుపు తెఱచి, అడుగునకు చేరగానే మూసిన చాలునని తోచును. కాని గాలికిని బరువున్నది. నిలిచియున్న గాలిని కదలించుటకు కొంత కాలము పట్టును. కదలిన గాలి వెంటనే ఆగదు. కావున లోనికి గాలి వచ్చు కవాటమును పిస్టను పైకొననుండగానే కొంచెము ముందుగా తెఱతురు. పిస్టను అడుగునుండి మరల పైకి లేచుచున్నను కొంతసేపు తెఱచియే యుంతురు. ఉదాహరణమునకు 10 డిగ్రీలు ముందుగా తెఱచి 50 డిగ్రీలు ఆలస్యముగా మూసినచో, అది మొత్తము 240 డిగ్రీలు, అనగా క్రాంకు ఇరుసు చుట్టులో మూడింట రెండు వంతులు తెఱచియుండును.

ఇప్పుడు లెక్క చూతము. ఇంజను నిమిషమునకు 6000 చుట్లు తిరుగునపుడు సెకనుకు 100 చుట్లగును. అపుడు కవాటము తెఱచియుండు కాలము సెకనులో 150వ వంతు మాత్రమే. ప్రతి కవాటము సెకనుకు 50 మాఱులు తెఱచి మూసికొనవలెను. అదే ఇంజను బండి నిలిచియుండగా నిమిషమునకు 750 చుట్లు తిరుగునపుడు ఆ తలుపు అంతకు 8 రెట్లు ఎక్కువ కాలము తెఱచియుండును. వడిగా తిరుగునపుడు ఉరవడితో వచ్చు గాలి, పిస్టను పైకి లేచుచున్నను, ఇంకను లోనికి జొరబడుచునే యుండును. ఆలస్యముగా మూయుట అపుడు లాభము. మెల్లగా తిరుగునపుడు గాలికి ఆ ఉరవడి లేదు. ఆలస్యముగా మూసినచో లోనికి వచ్చిన గాలిని పిస్టనే మరల వెనుకకు నెట్టివేయును.

మఱియొక చిక్కు గలదు. నాలుగవ నడక చివరను, మొదటి నడక మొదటను రెండు కవాటములును కొంతసేపు ఒక్కసారిగా తెఱచియుండును. మిక్కిలి వేగమున ఇది మేలే. వెలికి పోవు వాయువు తన వెనుక క్రొత్త గాలిని లాగుకొనివచ్చును. మెల్లని తిరుగుటలో మాత్రము కాలిన వాయువు తప్పుద్రోవను వెనుకకు పోయి క్రొత్త గాలిలో కలియును. ఇంజను వణకును, ఒక్కొక్కపుడు ఆగిపోవును. హిందూపురపు సంతవీథిలో బెల్లపు బండ్ల నడుమ అంగుళమంగుళముగా పోవునపుడు ఒక వేళ మేలు. రహదారిపై బెంగళూరునకు పరుగెత్తునపుడు మఱియొక వేళ మేలు. పూర్వపు ఇంజనులలో ఈ రెంటికి నడుమ ఏదో యొక వేళను ఏర్పఱచి, రెంటను కొంత నష్టము సహించెడివారు.

ఆవిరి బండి మీట

కవాటముల వేళను మార్చు నేర్పు మోటారు కార్లతో పుట్టినది కాదు. ఇంగ్లండులో రాబర్టు స్టీఫెన్సను కర్మాగారమున 1842లో విలియమ్స్, హౌ అను నిరువురు ఆవిరి ఇంజనునకు ఇట్టి సాధనమును కల్పించిరి. 1844లో బెల్జియము దేశస్థుడు వాల్షార్ట్ మఱియొక సాధనమును కల్పించెను. మన దేశపు మీటరు గేజి పట్టాలపై నడచిన వై.పి., వై.జి. తరగతుల ఇంజనులకు ఈ రెండవ సాధనమే చక్రముల వెలుపల కనబడుచుండెడిది. ధర్మవరము జంక్షను మీటరు గేజి కాలమున ఆవిరి బండ్లను చూచిన వృద్ధులు మనలో ఇంకను గలరు. బండి కదలునపుడు డ్రైవరు మీటను ముందుకు త్రోసి, పిస్టను నడక దాదాపు ముగియువఱకు ఆవిరిని లోనికి పోనిచ్చును. వేగము కుదిరిన పిమ్మట మీటను నడిమికి తెచ్చి, ఆవిరి త్రోవను ముందుగానే మూయించును. అటుపిమ్మట లోనున్న ఆవిరియే వ్యాపించుచు పిస్టనును త్రోయును. బొగ్గును నీరును ఆదాయమగును. మోటారు కారునకు ఈ మీటను అమర్చుట మాత్రము చాల కాలము పట్టెను. ఏలయనగా అచ్చట మార్పు సెకనులో స్వల్పభాగమున, మనుష్యుని చేయి లేకయే జరుగవలెను.

మొదటి పద్ధతి: ఇరుసును ముందువెనుకలకు త్రిప్పుట

1980లో ఇటలీ దేశపు ఆల్ఫా రోమియో సంస్థవారు స్పైడరు అను కారులో దీనిని మొదట అమ్మకమునకు తెచ్చిరి. అందు క్యాము ఇరుసునకు రెండు స్థితులు మాత్రమే యుండెను. 1992లో జర్మనీ దేశపు బి.ఎం.డబ్ల్యూ. వారు వానోస్ అను పేరను, 1996లో జపాను దేశపు టొయోటావారు వి.వి.టి.-ఐ అను పేరను ఇట్టి యేర్పాట్లను తెచ్చిరి. టొయోటావారి సాధనము ఇరుసును కొంచెము కొంచెముగా ఏ స్థితికైనను త్రిప్పగలదు. కియా, హ్యుందాయి సంస్థలవారి సి.వి.వి.టి. ఈ జాతిలోనిదే. "ఎడతెగక మాఱు కవాట కాలము" అని దాని యర్థము.

ఇప్పుడు ఎక్కువగా వాడుకలోనున్న సాధనము ఇట్లుండును. క్యాము ఇరుసు కొనయందలి పళ్లచక్రము లోపల బోలుగా నుండును. ఆ బోలులో ఇరుసుతో బిగింపబడిన రెక్కలు గలవు. ప్రతి రెక్కకును రెండు ప్రక్కల ఇంజను నూనెకు గదులుండును. ఒక ప్రక్క గదులలోనికి నూనెను ఒత్తిడితో పంపినచో రెక్కలు కదలి ఇరుసు కొంచెము ముందునకు తిరుగును. రెండవ ప్రక్కకు పంపినచో వెనుకకు తిరుగును. రెండు ప్రక్కల మూసినచో ఉన్నచోటనే నిలుచును. క్రాంకు ఇరుసు లెక్కలో సుమారు 40 మొదలు 60 డిగ్రీల వఱకు ఇట్లు మార్పు చేయవచ్చును. నూనెను ఏ ప్రక్కకు పంపవలెనో నిర్ణయించునది కారులోని చిన్న కంప్యూటరు. అది ఇంజను వేగమును, డ్రైవరు పాదము అదుమును, వేడిని గమనించి, విద్యుదయస్కాంతముతో కదలు నూనె కవాటమునకు ఆజ్ఞ యిచ్చును. ఇంజను ఆగినపుడు నూనె ఒత్తిడి యుండదు గనుక ఒక చిన్న మేకు రెక్కలను పట్టి యుంచును. 2006లో లెక్సస్ కారున టొయోటావారు నూనెకు బదులు విద్యుత్తు మోటారుతోనే ఈ పని చేయించిరి.

ఈ పద్ధతిలో ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను. తలుపు తెఱచు వేళయు, మూయు వేళయు కలసియే ముందునకో వెనుకకో జరుగును. తెఱచియుండు వ్యవధియు, తెఱచు ఎత్తును మాఱవు.

ఒక ప్రయాణములో నేర్చిన పాఠము

గత సంవత్సరము మేము కొందఱు విద్యార్థులతో పెనుకొండ కోట చూచుటకై హిందూపురమున రెండు బాడుగ కార్లను మాటలాడుకొంటిమి. రెంటిలో నొకటి పెట్రోలు బండి, కొంచెము పాతది. త్రోవలో రైల్వే గేటునొద్ద నిలిచినపుడు అది వణకి ఆగెను. మరల కదలి, రెండు మాఱులు మరల ఆగెను. ఎట్టకేలకు పెనుకొండలో ఒక షెడ్డునొద్దకు చేరితిమి. మెకానిక్కు మూత తెఱచి, బొటనవ్రేలంత సాధనమును ఊడదీసి మాకు చూపెను. అదియే మేము పైన చెప్పిన నూనె కవాటము. దాని సన్నని జల్లెడ నల్లని మడ్డితో మూసికొనిపోయి యుండెను. ఇరుసు వడిగా పోవునప్పటి స్థితిలోనే చిక్కుకొని, బండి నిలిచినపుడు తన చోటికి రాలేకపోయెను.

"నూనె యెపుడు మార్చితివన్నా?" అని అతడడుగగా, డ్రైవరు తల వంచుకొని, "ఈ యేడు బాడుగలు లేవన్నా, పిల్లల ఫీజు కట్టి, నూనె తరువాత చూతమనుకొంటి" ననెను. మెకానిక్కు జల్లెడను పెట్రోలుతో కడిగి, నూనెను మార్చి, "ఈ బండికి నూనె జారుడుకే కాదన్నా, దానికి చెయ్యీ అదే, కాలూ అదే" అని చెప్పెను. ఏ గ్రంథమునను మేము ఇంతకంటె స్పష్టమైన వాక్యమును చదివి యెఱుగము. ఆ దినమున డ్రైవరునకు వచ్చిన బాడుగలో పెద్దపాలు ఆ షెడ్డుననే ఖర్చయ్యెను. మా పిల్లలు తాము తెచ్చుకొన్న తినుబండారపు డబ్బును కూడబెట్టి అతని కిచ్చిరి. అతడు మొదట నిరాకరించి, పిదప పుచ్చుకొనెను. ఈ విద్య కర్మాగారమునకు మాత్రమే గాక, బండిపై బ్రదుకు కుటుంబములకును సంబంధించినదని అపుడు మాకు తెలిసెను.

రెండవ పద్ధతి: ఉబ్బునే మార్చుట

1989లో జపాను దేశపు హోండా సంస్థవారు ఇంటెగ్రా అను కారున వీటెక్ అను పద్ధతిని తెచ్చిరి. దానిని రూపొందించినవారు ఇకువో కజితాని అను ఇంజనీరు. వారి 1.6 లీటర్ల ఇంజను 160 అశ్వశక్తుల నిచ్చెను. లీటరునకు 100 అశ్వశక్తులన్నమాట.

ఇందు ప్రతి జత కవాటములకును మూడు ఉబ్బులుండును. ఇరుప్రక్కలవి పొట్టివి, నడిమిది పొడుగుది. ప్రతి ఉబ్బుక్రిందను ఒక మీట యుండును. మెల్లగా పోవునపుడు కవాటములు ప్రక్క ఉబ్బుల మాటనే వినును. నడిమి మీట ఊరక ఊగుచుండును. వేగము ఒక హద్దు మీఱగానే నూనె ఒత్తిడి చిన్న మేకులను త్రోసి మూడు మీటలను ఒకటిగా బిగించును. అప్పటినుండి పొడుగు ఉబ్బే అన్నిటిని నడపును. కవాటములు ఎక్కువ ఎత్తు, ఎక్కువసేపు తెఱచుకొనును. మన వీథులలో తిరుగు హోండా సిటీ కార్ల వెనుక ఐ-వీటెక్ అను పేరును చదువరులు చూచియుందురు. అది ఈ వంశములోనిదే.

మూడవ పద్ధతి: తెఱచు ఎత్తును మార్చుట

సూది లేని సిరంజి నోటిని వ్రేలితో మూసి దాని పిడిని లాగి చూడుడు. ఎంత బలము వ్యర్థమగునో తెలియును. సామాన్యమైన పెట్రోలు ఇంజను మెల్లగా పోవునపుడు ఇట్లే బాధపడును. డ్రైవరు పాదము నెత్తగానే గాలిత్రోవలోని పలక అడ్డముగా తిరిగి త్రోవను మూయును. పిస్టను ఇరుకు సందునుండి గాలిని ఈడ్చుకొనవలెను. 2001లో బి.ఎం.డబ్ల్యూ. వారు వాల్వుట్రానిక్ అను సాధనముతో ఆ పలకకు దాదాపుగా పని లేకుండ చేసిరి. ఒక విద్యుత్తు మోటారు నడిమి మీట స్థానమును మార్చగా, కవాటము సుమారు 0.3 మిల్లీమీటరు మొదలు దాదాపు 10 మిల్లీమీటర్ల వఱకు వలసినంతయే తెఱచును. ఎంత గాలి కావలెనో అంతకే తలుపు తెఱచిన, వేఱుగా అడ్డు పెట్టుట యెందులకు?

2009లో ఇటలీ దేశపు ఫియట్ వారు మల్టీఎయిర్ అను మఱియొక ఉపాయమును చూపిరి. అందు ఉబ్బునకును కవాటమునకును నడుమ నూనె స్తంభమొకటి యుండును. నూనె నిలిచియున్నంతసేపు కవాటము ఉబ్బు చెప్పినట్లు వినును; నూనెను వదలివేయగానే ఉబ్బు త్రొక్కుచున్నను కవాటము మూసికొనును.

నాలుగవ పద్ధతి: వ్యవధిని మార్చుట

2019 జూలైలో, అనగా ఎర్రమంచి శాలనుండి సెల్టోస్ వెలువడుటకు కొలది దినములు ముందుగా, హ్యుందాయి, కియా సంస్థలవారు సి.వి.వి.డి. అను క్రొత్త సాధనమును ప్రకటించిరి. ఇది మొదట సొనాటా కారు యొక్క 1.6 లీటర్ల ఇంజనున వచ్చెను. కవాటము తెఱచియుండు వ్యవధినే ఇది హెచ్చించును, తగ్గించును. ఇట్టి ప్రయత్నమును ఇంగ్లండు దేశపు రోవరు సంస్థవారు 1995లోనే ఎం.జి.ఎఫ్. అను కారున చేసియుండిరి.

దీనిని గ్రహించుటకు చెఱకు గానుగను తలచుకొనుడు. ఎద్దు గానుగచుట్టు తిరుగుచున్నది. ఎండప్రక్కను వడిగాను, చెట్టునీడను మెల్లగాను నడచుచున్నది. మొత్తము చుట్టునకు పట్టు కాలము మాఱలేదు. నీడలో గడపిన కాలము మాత్రము పెరిగినది. ఈ సాధనమున ఉబ్బులను ఇరుసుతో గట్టిగా బిగింపరు. నడుమ కేంద్రమును ప్రక్కకు జరుపగల వలయముంచుదురు. కేంద్రము జరిగినపుడు ఉబ్బు చుట్టులో ఒక భాగమున వడిగాను, ఒక భాగమున మెల్లగాను తిరుగును. కవాటమును త్రొక్కుచున్న భాగమున మెల్లగా తిరిగినచో అది ఎక్కువసేపు తెఱచియుండును. దీనివలన ఇంజను పనితీరు 4 శాతము, ఇంధనపు పొదుపు 5 శాతము హెచ్చుననియు, పొగలోని దోషములు 12 శాతము తగ్గుననియు ఆ సంస్థవారు ప్రకటించిరి.

ఫలమేమి?

ఇంత శ్రమయు వేగము కొఱకు మాత్రమే కాదు. 1997లో వచ్చిన టొయోటా ప్రియస్ కారున గాలి కవాటమును మిక్కిలి ఆలస్యముగా మూయుదురు. అదిమెడి నడక పొట్టిదై, త్రోసెడి నడక పొడుగుదై, ప్రతి చుక్క పెట్రోలునుండి ఎక్కువ పని లభించును. దీని మూలమును ఇంగ్లండు దేశపు జేమ్స్ అట్కిన్సను 1882లోనే తలచెను. ఆవిరి బండి డ్రైవరు మీటను నడిమికి తెచ్చి కోరిన లాభమును దీనితో పోల్చదగును. మఱియు కాలిన వాయువును కొంచెము కావలయుననియే లోన నిలిపినచో మంట వేడి తగ్గి, నత్రజని సంబంధమైన విషవాయువులు తగ్గును. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి మన దేశమున బి.ఎస్.-6 అను కఠిన నియమములు అమలులోనికి వచ్చినవి గనుక ఇట్టి సాధనముల యుపయోగము ఇంకను హెచ్చినది.

విద్యుత్తు కార్లకు కవాటములే లేవు. 2025లో ఎర్రమంచియందే అట్టి కార్ల తయారీ మొదలైనది. ఐనచో ఈ విద్య యెందులకని యెవరైన నడుగవచ్చును. లక్షలకొలది పెట్రోలు బండ్లు ఇంకను మన త్రోవలపై నున్నవి. వానిని బాగుచేయువారు, వానిపై బ్రదుకువారు మన బంధువులే, మన పొరుగువారే. నూనెజల్లెడ సంగతి ముందే తెలిసియుండిన, ఆ డ్రైవరు ఒక దినపు బాడుగను కోల్పోయి యుండడు. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి. మగ్గము చేసిన పనిని, ఆవిరి బండి మీట చేసిన పనిని, గానుగ యెద్దు నడకను ఎఱిగినవానికి ఈ నూతన యంత్రము పరాయిది కాదు. రేపు కవాటములు పోయి వేఱొక సాధనము వచ్చినను, వాడు దానిని ఇట్లే పరిశీలించి తెలిసికొనగలడు.

విద్యార్థులారా! ఇకమీద ఎవరైనను సి.వి.వి.టి. యనగా నేమని మిమ్మడిగినచో, "ఏదో ఇంజను పేరు" అని చెప్పకుడు. ఒక కాగితముపై గ్రుడ్డువంటి ఉబ్బును, దానిక్రింద నొక తలుపును గీచి, "తలుపు తెఱచు వేళను వేగమునుబట్టి మార్చుట" అని చెప్పుడు. అటుపిమ్మట మీ యింటి బండికి నూనె మార్చి ఎన్నినాళ్లయ్యెనో విచారింపుడు.